గంతన్న నమ్మిన కేలరీల పట్టీ

ఇప్పలమెట్ట అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, దుప్పులు, ముంగిసలు ఉండేవి. ఇప్పచెట్లు పూసినన్నాళ్లూ వాటికి తిండికి లోటు లేదు. కానీ ఎండలు ముదిరితే వాగు ఎండిపోయేది. అప్పుడు జంతువులన్నీ మెట్ట దాటి అవతలి మడుగుకు చేరాలి. ఆ మెట్ట ఎక్కడం చాలా కష్టం. సత్తువ లేనివాళ్లు దారిలోనే కూలబడేవారు. పొంచి ఉన్న చిరుతపులికి దొరికిపోయేవారు.

ఆ అడవిలో గంతన్న అనే కొండముచ్చు ఉండేవాడు. ఒకసారి కొండ చూడటానికి వచ్చిన మనుషులు వాగు పక్కన ఒక సంచి మరిచిపోయారు. గంతన్న దాన్ని చెట్టెక్కించి విప్పాడు. లోపల రెండు నల్లని చేతి పట్టీలు ఉన్నాయి. ఒకటి తన చేతికి కట్టుకున్నాడు. దాని మీద అంకెలు వెలిగాయి.

"మనం ఎంత శక్తి ఖర్చు చేశామో ఇది చెబుతుంది. వాటిని కేలరీలు అంటారు. ఇది చెప్పినంత తింటే చాలు, మెట్ట సులువుగా ఎక్కేయొచ్చు," అని అందరికీ చెప్పాడు. అడవి అంచున ఉన్న మనుషుల బంగళా కప్పు మీద కూర్చుని వాళ్ల మాటలు విన్నవాడు కదా, అందరూ నమ్మారు.

అందరికంటే ఎక్కువ నమ్మింది బూరమ్మ అనే ఎలుగుబంటి. పోయిన వేసవిలో మెట్ట ఎక్కుతూ ఆమె ఆయాసంతో పడిపోయి, ఎలాగో చిరుతకు దొరక్కుండా బయటపడింది. అప్పుడు ఒంటరిది. ఇప్పుడు వీపు మీద ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు.

"గంతన్న మామా, ఆ రెండోది నాకు కట్టవా?" అని అడిగింది.

గంతన్న గర్వంగా కట్టాడు. సాయంత్రం అంకె చూసి పెదవి విరిచాడు.

"ఇంతేనా? నువ్వు ఖర్చు చేసింది చాలా తక్కువ. సగమే తిను. లేకపోతే కొవ్వు పట్టి మెట్ట ఎక్కలేవు. నా అంకె చూడు, నీకు రెండింతలు!"

బూరమ్మ సిగ్గుపడింది. ఆ రోజు నుంచి సగం చెదపురుగులు పుట్టలోనే వదిలేసింది. రాలిన ఇప్పపూలను చూసి కూడా తల తిప్పుకుంది. గంతన్న మాత్రం తన పెద్ద అంకె చూసుకుని రెండు పూటలా పొట్ట పగిలేలా తిన్నాడు.

చంద్రి అనే ముంగిస ఇదంతా చూస్తోంది. దానికి దేన్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు. కొత్త వాసన ఏదైనా చుట్టూ తిరిగి చూశాకే ముట్టుకుంటుంది. 'ఇదేదో తేడాగా ఉందే. రోజంతా కొమ్మ మీద కూర్చునే మామకి అంత పెద్ద అంకె ఎలా వచ్చింది?' అనుకుంది.

పొద చాటున దాక్కుని గమనించింది. గంతన్న పట్టీ ఉన్న చేత్తో తల గోక్కున్నాడు. ఈగలు తోలాడు. అందరికీ చేయి ఊపి ఊపి ఉపన్యాసం చెప్పాడు. చేయి ఊగినప్పుడల్లా అంకె పెరిగింది.

చంద్రి బూరమ్మ దగ్గరికి వెళ్లింది. బూరమ్మ పిల్లల్ని మోస్తూ ఎత్తు ఎక్కుతోంది. ఒళ్లంతా వణుకుతోంది. అంకె మాత్రం మెల్లగా కదులుతోంది.

"అక్కా, పిల్లల్ని మోస్తున్నావని దానికి చెప్పావా?"

"చెప్పక్కర్లేదట చెల్లీ. దానికి అన్నీ తెలుసట."

"ఎవరన్నారు?"

"గంతన్న మామ."

"మామకి ఎవరన్నారు?"

బూరమ్మ చేతికున్న పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

చంద్రి పట్టీ కింద తొంగి చూసింది. అక్కడ చిన్న పచ్చ వెలుగు మిణుకుమంటోంది.

"ఇదెందుకు?"

"గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆ వెలుగుతో కనిపెడుతుందట."

"నీ బొచ్చు ఇంత మందంగా ఉంది. ఆ వెలుగు చర్మం దాకా పోతోందా? ఒకసారి విప్పి ఇవ్వు."

చంద్రి ఆ పట్టీని గాలికి ఊగే సన్నని కొమ్మకు కట్టింది. గాలి వీచింది. కొమ్మ ఊగింది. అంకె పెరిగింది. బూరమ్మ కళ్లు పెద్దవి చేసి చూసింది.

అంతలో గంతన్న చెట్టు దిగి వచ్చాడు.

"నీకు పట్టీ లేదని కుళ్లు! అందుకే వంకలు పెడుతున్నావు!" అని అరిచాడు.

"ఒక్కటి చెప్పు మామా. పట్టీ కట్టేటప్పుడు అక్క బరువు ఎంతని దానికి చెప్పావు?"

గంతన్న తడబడ్డాడు. "అందులో ముందే ఏదో ఉంది. నేనెందుకు మార్చాలి?"

"అంటే ఎవరో మనిషి బరువు పెట్టి ఎలుగుబంటి తిండి తేల్చావన్నమాట! ఆ మనిషికే ఇది సరిగ్గా చెప్పిందో లేదో మనకి తెలియదు. మామా, ఇది లెక్క కాదు. అంచనా. చేయి ఊపును చూసి ఒంటి సంగతి ఊహిస్తోంది."

బూరమ్మకు ఇప్పుడు ఇద్దరి మీదా అనుమానం వచ్చింది. "నిన్న మామను నమ్మాను. ఇవాళ నిన్నెందుకు నమ్మాలి?" అని చంద్రిని నిలదీసింది.

"నన్నూ నమ్మకు అక్కా. నీ పక్కటెముకలు తడుముకో. నీ పిల్లలకి పాలు చాలుతున్నాయేమో చూడు."

బూరమ్మ తడుముకుంది. ఎముకలు చేతికి తగిలాయి. వీపు మీద పిల్లలు ఆకలితో కుయ్యోమంటున్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొమ్మకున్న పట్టీని గంతన్నకు తిరిగి ఇచ్చేసింది.

"నాకిది వద్దు మామా."

"అయితే దారిలో పడిపో! నాకేం?" అంటూ అతను దాన్ని రెండో చేతికి కట్టుకుని వెళ్లిపోయాడు.

బూరమ్మ ఆకలి తీరేదాకా తిన్నది. ఒళ్లు బరువనిపిస్తే ఆగింది. నీరసంగా ఉంటే ఇంకాస్త తిన్నది. పాలు మళ్లీ పడ్డాయి. పిల్లలు వీపు మీద కుస్తీలు పట్టడం మొదలుపెట్టారు.

ఎండలు ముదిరాయి. వాగు ఎండింది. జంతువులన్నీ మెట్ట ఎక్కసాగాయి. ఇరుకు దారిలో బండ మాటు నుంచి చిరుతపులి దూకింది. కొండముచ్చులన్నీ ఒక్క గంతులో పక్క చెట్టు అందుకున్నాయి. గంతన్న కూడా ఎగిరాడు. కానీ తిండితో బరువెక్కిన ఒళ్లు చెట్టు దాకా వెళ్లలేదు. దభీమని ముళ్లపొదలో పడ్డాడు. చిరుత అతని తోక పట్టుకుంది.

"అమ్మో! బూరమ్మా!" అని కేక పెట్టాడు.

బూరమ్మ పిల్లల్ని బండ మీదికి ఎక్కించి, రెండు కాళ్ల మీద నిలబడి గర్జించింది. ఒంట్లో ఉన్న సత్తువంతా ఆ గొంతులో పలికింది. చిరుత వెనక్కి తగ్గింది. పోతూ పోతూ సగం తోక కొరుక్కుపోయింది.

కుంటుకుంటూ గంతన్న అందరి వెనకా మడుగు చేరాడు. పట్టీలు రెండూ పళ్లతో కొరికి పారేశాడు. వచ్చి బూరమ్మ పక్కన కూర్చున్నాడు.

"బూరమ్మా," అన్నాడు చిన్న గొంతుతో. "నాకు ఆకలేస్తోందా లేదా? నాకే తెలియట్లేదు."

బూరమ్మ నవ్వలేదు.

"కాసేపు ఊరుకో మామా. నీ కడుపే చెబుతుంది."

నీతి: పరికరం చూపే అంకె ఒక అంచనా మాత్రమే. దాన్ని అనుమానించి పరీక్షించాలి, మన ఒంటి మాట కూడా వినాలి.