చేతులు వెనక్కి కట్టుకున్న అమ్మ

చెట్టు మీది సీతాఫలాన్ని పండిందో లేదోనని వేలితో నొక్కి వదిలేస్తే అది ఇక మాగదు. నొక్కిన చోట నల్లబడి, రాయిలా గట్టిపడి, పక్షికి కూడా పనికిరాకుండా పోతుంది. గుండ్లవాయి తోటకు వచ్చిన జనం ఏళ్ళ తరబడి చేసిన నిర్వాకం ఇదే. అమ్మవారు ఇక్కడ వెలయడానికి కారణమూ ఇదే. ఏ మహర్షో తపస్సు చేశాడని చెబితే వినడానికి ఇంపుగా ఉండేది కానీ, ఈ గుట్టల్లో తపస్సు చేసిన మహర్షి ఎవరూ లేరు.

పాలమూరు దిక్కున, రాతిగుట్టల నడుమ, గుండ్లవాయి అనే చిన్న ఊరికి ఎగువన ఉంది ఈ తోట. కంచె లేదు, గేటు లేదు. బాట మొదట్లో మోకాలెత్తు నల్లరాతి విగ్రహం ఎండకూ వానకూ అలాగే నిలబడి ఉంటుంది. ముందునుంచి చూస్తే అమ్మవారికి చేతులు కనిపించవు. విరిగిపోయాయేమోనని కొత్తగా వచ్చినవాళ్ళు జాలిపడతారు. జాలి అక్కరలేదు, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి చూస్తే చాలు. నడుము మీద రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ చేతుల మధ్య ఒక సీతాఫలం, దాని మీద బొటనవేలు దిగిన గుంట. అందుకే ఆమె వెనకచేతులమ్మ. ఈ క్షేత్రంలో చేతులు జోడించి మొక్కరు. చేతులు వెనక్కి కట్టుకుని తల వంచుతారు.

పూర్వం ఇక్కడ కుర్మమ్మ అనే ఇల్లాలు తన పెనిమిటి బీచుపల్లితో కలిసి ఈ తోట చూసుకునేది. చెట్లు ఆమె అత్త నాటినవి. మొక్కలుగా ఉన్నప్పుడు ఒక కరువు వచ్చింది. అప్పుడు కొండ అవతలి కార్తీక జాతరకు పోయే బాటసారులు తమ ముంతల్లో మిగిలిన నీళ్ళు తలా ఇంత వాటి మొదట్లో పోసి వెళ్ళారు. చెట్లు బతికాయి. ఆ కృతజ్ఞతతో అత్త ఒక మాట ఇచ్చింది: ఈ తోట బాటసారులకు ఎన్నడూ మూసి ఉండదు, ఆకలైనవాళ్ళు కడుపునిండా తిని పోవచ్చు. పోతూ పోతూ ఆ మాటను కోడలి చేతిలో పెట్టి పోయింది.

కుర్మమ్మ మాట తప్పే మనిషి కాదు. కళ్ళు విచ్చుకున్న కాయలను, అంటే పైనున్న గళ్ళ మధ్య సందులు విడివడి తెల్లబారిన కాయలను ఏరి కోసేది. వాటిని గడ్డిలో మాగవేసి, మెత్తబడ్డ పండ్లు ఒక గంపనిండా తెచ్చి జాతర బాట పక్కన పెట్టేది. తక్కినవి సంతకు మోసుకుపోయేది. ఆ సంత సొమ్ముతోనే ఇంట్లోకి ఏడాదికి సరిపడా జొన్నలు వచ్చేవి. రాతినేలలో ఇంకో పంట లేదు.

జాతరకు పోయేవాళ్ళు గంపను చూసేవారు. చూసి, పక్కనుంచి తోటలోకి నడిచేవారు. ఎదురుగా మాగిన పండ్లు పెట్టినా వాళ్ళకు చెట్టు మీదిదే కావాలి, తమ చేత్తో కోసుకున్నదే కావాలి. కోసే ముందు నొక్కాలి. ఒకటి నొక్కి, గట్టిగా ఉందని వదిలి, పక్కదాన్ని నొక్కాలి. తండ్రి నొక్కిన కాయను కొడుకు నొక్కాలి. ఆ పైన, ఈ తోటలో అన్నీ పచ్చికాయలేనని పెదవి విరిచి, తిరిగి వచ్చి గంపలో పండు తిని, తొక్క బాటమీదే పారేసి పోవాలి.

"ఏమయ్యా, గట్ల నొక్కుతున్నవేంది?" అని కుర్మమ్మ ఒకరోజు ఒక పెద్దమనిషిని నిలదీసింది.

"పండిందో లేదో చూడొద్దా అమ్మా?"

"చూస్తందుకు దేవుడు కండ్లియ్యలేదా? వేళ్ళతోని చూస్తరా ఎవరన్న?"

ఆయన నవ్వి, మరొకటి నొక్కి, వెళ్ళిపోయాడు.

బీచుపల్లిది మెతక స్వభావం. "పోనీయవే. బాటసారులు, తింటే తిన్నరు" అనేవాడు.

"తిన్నోళ్ళను నేనెన్నడన్న ఒక్క మాటన్ననా? తినుమనే గద గంప పెట్టింది! తినకుండ పాడు జేసినోళ్ళ సంగతి చెప్పు" అనేది కుర్మమ్మ.

చివరికి ఒక ఏడు సంతలో ఆమె గంప ముందు ఎవరూ నిలవలేదు. వచ్చినవాళ్ళు పండును తిప్పి చూసి, నల్లటి వేలిముద్రలు కనిపించగానే కింద పెట్టేశారు. తెచ్చిన గంప తెచ్చినట్టే ఇల్లు చేరింది. ఇంట్లో జొన్నల కుండ అడుగంటి ఉంది. కుర్మమ్మ గంపను మేకల ముందు బోర్లించి, కొడవలి అందుకుని గుట్టమీదికి పోయింది. తుమ్మకంప, రేగుకంప నరికి మోపులు కట్టి బాట పక్కన కుప్ప వేసింది. ఇక తోట చుట్టూ కంచె తప్పదనుకుంది.

"మా అమ్మ మాటిచ్చిందే" అన్నాడు బీచుపల్లి.

"మాట నేను తింటనా, నువ్వు తింటవా? జొన్నలెక్కడివి?"

అతను కంప మోపును ముట్టుకోలేదు, ఆమెను ఆపనూ లేదు. కుర్మమ్మ ఒక్కతే గుంతలు తీయడం మొదలుపెట్టింది. మనసులో అత్త ముఖం మెదులుతూనే ఉంది. గునపం ఆగలేదు.

అంతలో తోటలో ఎవరో కదిలారు. నెరిసిన జుట్టు, ముక్కుకు పెద్ద ముక్కెర, చంకలో ముంత ఉన్న ఒక ముసలవ్వ చెట్టు చెట్టుకూ తిరుగుతూ కాయలు నొక్కుతోంది. తీరిగ్గా, ఒక్కటీ వదలకుండా నొక్కుతోంది. కుర్మమ్మ గునపం అక్కడే పడేసి ఆమె ముందుకు పోయి నిలబడింది.

"ఎన్ని నొక్కినవవ్వా?"

"యాదికి లేదు బిడ్డా. ఒక్కటీ పండలే."

"పండలేదని మొదటిదానికే తెలిసె గద! ఇంకోటెందుకు నొక్కినవు?"

కుర్మమ్మ ముసలవ్వ నొక్కిన కాయలను వెతికి, వేలిగుంట కనిపించినవి నాలుగైదు తెంపి అవ్వ ఒడిలో వేసింది. పక్కనున్న బండ చూపించింది.

"కూసో. నొక్కినవి తిను."

"పచ్చివి బిడ్డా. ఎట్ల తింటరు?"

"నొక్కేటప్పుడు లేని బాధ తినేటప్పుడెందుకొచ్చె? నువ్వు తినకుంటె ఇంకెవరు తినాలె? నీ వేలు దిగినంక వాటికి వేరే దిక్కు లేదు."

అవ్వ బండ మీద కూర్చుంది. మొదటి కాయను పగలగొట్టి నోట్లో పెట్టుకుంది. లోపల గుజ్జు లేదు, గింజలకు అంటుకున్న తెల్లటి పీచు ఉంది. వగరుకు ముఖం ముడుచుకుపోయింది. అయినా నమిలింది, గింజలు చేతిలోకి ఉమ్మింది, రెండోది తీసుకుంది. గొంతు పట్టేస్తే కుర్మమ్మ పోయి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కాయలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అన్నీ తిన్నాక అవ్వ కంప కుప్ప వైపు చూసింది. "బాట మూస్తవా?"

"మూస్త."

"మీ అత్త మాట?"

కుర్మమ్మ ఉలిక్కిపడింది. ఈ ముసలవ్వను ఆమె మునుపెన్నడూ చూడలేదు. "నీకెట్ల తెలుసు?"

"ఈ చెట్లకు నీళ్ళు పోసినోళ్ళల్ల నేనూ ఉంటి."

ఇంకొకరైతే కాళ్ళమీద పడేవారు. కుర్మమ్మ చీరచెంగుతో ముఖం తుడుచుకుంది. "పోస్తివి. నీ దయ. నీళ్ళు పోసినవని కాయలు నలుపుతవా?"

అవ్వ పకపకా నవ్వింది. లేచి, రెండు చేతులూ నడుము వెనక్కి కట్టుకుంది. "ఇగ ముట్టను. పా, చూపిస్త" అని చెట్ల మధ్యకు నడిచింది. ప్రతి కొమ్మ ముందూ ఆగి తల వంచి చూసింది. సందులు విచ్చుకున్న కాయ కనబడితే గడ్డంతో చూపించింది. కుర్మమ్మ దాన్ని కోసింది. అలా ఒక వరస పూర్తయ్యేసరికి ఒడి నిండింది, ఒక్క కాయ మీదా వేలిగుంట లేదు. కుర్మమ్మ ఒడి దించి తల ఎత్తేసరికి అవ్వ లేదు. బాట మొదట్లో మోకాలెత్తు నల్లరాయి ఉంది. దాని చేతులు వెనక్కి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం కుర్మమ్మ కంప కుప్ప నీడన నడుము వాల్చితే అదే అవ్వ కలలో కనిపించింది. "కంప వద్దు. బాట మొదట్ల నేనుంట. నన్ను చూసి చేతులు వెనక్కి కట్టుకోమను. కట్టుకోనోళ్ళు ఏది నొక్కితే అది తినాలె. నాకు తినిపించినవు గద, ఇంకెవరినీ ఇడువకు" అని చెప్పింది. కుర్మమ్మ లేచి తీసిన గుంతలు పూడ్చింది.

కార్తీకం ఇంకా ముగియలేదు, జాతర జనం మళ్ళీ వచ్చారు. వాళ్ళతో పాటు పక్క ఊరి దొర గుర్రం దిగి వచ్చాడు. కుర్మమ్మ రాయిని చూపించి చెప్పిన మాట విని అందరూ చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంటే ఆయనకు నవ్వొచ్చింది. చెయ్యి చాపి ఒక కాయను నొక్కాడు. కుర్మమ్మ ఆ కాయ తెంపి ఆయన చేతిలో పెట్టి బండ చూపించింది.

"నేనెవరినో తెలుసా?" అన్నాడు దొర.

"తెలుసు దొరా. నువ్వు గా రాయి కన్న పెద్దోనివైతే లేచి పో. గామె కూసోని తిన్నది."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. దొర విగ్రహం వైపు చూశాడు, గుంపు వైపు చూశాడు. బండ మీద కూర్చుని తిన్నాడు. ఆ సాయంత్రానికి ఆ కబురు జాతరంతా పాకింది. మరుసటి ఏడు తోటలో వేలిముద్ర పడిన కాయ వెతికినా దొరకలేదు. సంతలో కుర్మమ్మ గంప ఖాళీ అయింది, జొన్నల కుండ నిండింది.

నేటికీ కోత మొదలయ్యే రోజున ఊరివాళ్ళు ఒక కంప మోపు నరికి తెస్తారు. దానితో కంచె కట్టరు, దాన్నే పొయ్యిలో పెట్టి అమ్మవారికి పాయసం వండుతారు. భక్తులు ముందుగా గంపలోని మాగిన పండు తినాలి. తొక్కలు మేకల తొట్టిలో, గింజలు విగ్రహం పక్క గుంతలో వేయాలి. తరవాత చేతులు వెనక్కి కట్టుకుని తోట చుట్టి, నచ్చిన కాయను కంటితో ఎంచి చెబితే తోటవాళ్ళు కోసి ఇస్తారు. ఇంటికి తీసుకుపోయి గడ్డిలో పెట్టుకోవాలి. ఇదంతా పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాసి ఉంది. బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగి, ఆ వెంటనే చెయ్యి చాపి కాయ నొక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకోసం బండ ఉంది. ఈ అమ్మను కొలిస్తే కోరికలన్నీ తీరుతాయని పూజారులు చెప్పరు. చేతులు అదుపులో పెట్టుకున్నవారి ఇంట పండు చెడదని, తొందరపడి చేసిన పని వెంటాడదని మాత్రం చెబుతారు.

పెద్దవాళ్ళకూ, పసివాళ్ళకూ, పూజారులకూ మినహాయింపు లేదేమని కొందరు కోపగించుకుంటారు. కుర్మమ్మకే లేకపోయింది కనుక లేదు.

ముసలితనంలో ఆమెకు చూపు మందగించింది. కాయ కళ్ళు విచ్చుకున్నదీ లేనిదీ కంటికి ఆనేది కాదు. ఒక ఉదయం కొమ్మ ముందు నిలబడి, ఎంతసేపు చూసినా తేలక, చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. బొటనవేలు దిగింది. పచ్చికాయ. వెనక నుంచి బీచుపల్లి చూశాడు. చుట్టూ ఇంకెవరూ లేరు.

"ఎవరూ చూడలే. ఇడిసిపెట్టి రా" అన్నాడు.

"నువ్వు చూస్తివి గద. నొక్కింది నేనే గద" అంది కుర్మమ్మ. కాయ తెంపుకుని, తడుముకుంటూ పోయి బండ మీద కూర్చుంది. పళ్ళు ఊడిన నోటితో నమలడానికి పొద్దెక్కేదాకా పట్టింది. మొత్తం తిని, గింజలు గుంతలో వేసి లేచింది. ఆనాటి నుంచి బతికినన్నాళ్ళూ ఆమె చేతులు వెనక్కి కట్టుకునే తోటలో తిరిగింది. కాయ ఎంచడం బీచుపల్లికి అప్పజెప్పింది.