పోలయ్య దండం ఎవరికి?

అనగనగా సముద్రం ఒడ్డున ఓ జాలరి పల్లె ఉండేది, చిట్టితల్లీ. ఆ పల్లెలో పోలయ్య, అతని బావమరిది సింహాద్రి. ఏదో వల దగ్గర గొడవపడి ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఒకే తెప్ప మీద వేటకి పోయేవారు. మరి బతకాలి కదా!

ఒకరోజు పెద్ద గాలి లేచింది. తెరచాప చిరిగింది. తెప్ప ఎటో కొట్టుకుపోయింది. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు.

రెండో రోజుకి నాలుకలు పిడచగట్టుకుపోయాయి. అప్పుడు వాన పడింది. పోలయ్య చిరిగిన తెరచాపని వానలో పట్టి, దాన్ని పిండితే ముంతెడు నీళ్ళు వచ్చాయి. అంతలోనే వాన ఆగిపోయింది. సింహాద్రి జ్వరంతో మూలుగుతున్నాడు. ముంత పోలయ్య నోటిదాకా వచ్చింది. చూసేవాళ్ళెవరూ లేరు. అయినా లోపల ఎవరో "ముందు వాడికి పొయ్యి" అన్నట్టయింది. పోశాడు.

గుటక వేసి సింహాద్రి, "నువ్వు తాగావా, బావా?" అన్నాడు. ఏడాది తర్వాత మొదటి మాట అదే!

మూడో రోజు మబ్బు మూసింది. దిక్కు తెలియలేదు. అప్పుడు తెల్లటి పిట్టలు బారుకట్టి ఎగిరాయి. "గూళ్ళకి పోతున్నాయి, నేల అటే" అని పోలయ్య వాటి వెంటే తెడ్డు వేశాడు. సాయంత్రానికి తమ పల్లె ఒడ్డే దొరికింది.

పోలయ్య పెళ్ళాం అప్పలకొండ ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. పోలయ్య ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించాడు.

"ఎవరికయ్యా ఆ దండం?"

"అదే తెలియట్లేదే. వాన పంపాడు, పిట్టల్ని పంపాడు, నా లోపల మాట్లాడాడు. ఎవరో ఉన్నాడు. మంచోడే. పేరు తెలియకుండా ఎలా మొక్కను?"

ఆ తర్వాత ఆ దిగులు అతన్ని కూర్చోనివ్వలేదు. ఒక ఊళ్ళో అడిగితే నవ్వారు. ఇంకో ఊళ్ళో "బతికావుగా, చాల్లే" అన్నారు. మూడో ఊళ్ళో ఎస్తేరమ్మ అనే ముసలావిడ ఎండు చేపలు తిరగేస్తోంది. అంతా విని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"వాన మంచోడి చేలోనూ పడుతుంది, చెడ్డోడి చేలోనూ పడుతుంది. ఎందుకనుకున్నావు నాయనా? ఇచ్చిన చెయ్యి ఎవరిదా అని మనం వెతుక్కోవాలని. నువ్వు వెతుక్కుంటూ వచ్చావు. కానీ ఆయన పేరు వానకి చెప్పడం రాదు, మనిషే చెప్పాలి. కూర్చో, యేసయ్య సంగతి చెబుతాను."

పోలయ్య కూర్చోలేదు. "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాడు. "మా సింహాద్రిని పిలుచుకొస్తాను. ఇద్దరం కలిసి వింటాం."

కథ కంచికి, కునుకు కంటికి!