వినకుండా అన్న ఆమోదం

అనగనగా ఒక అడవిలో ఒక పట్నం ఉండేది. అడవిలో పట్నమేమిటని నవ్వకండి. జంతువులన్నీ ఒక వాగు పక్కన చేరి, వీధులు వేసుకుని, ఎవరి చెత్త వాళ్లు ఎత్తిపోసుకుంటూ బతికే చోటుని పట్నం అనక ఇంకేమంటారు? ఆ పట్నానికి వార్డులు కూడా ఉన్నాయి. గుట్ట వార్డు, వాగు వార్డు, పొదల వార్డు, ఇలాగ. వార్డుకొక సభ్యుడు. అందరికీ పెద్ద అడవిదున్న భూమమ్మ. ఆవిడే సభకి అధ్యక్షురాలు.

నెలకోసారి పొద్దున్నే ఒక చదునైన బండ మీద సభ జరిగేది. భూమమ్మ ఒక్కో అంశం చెప్పేది. చెప్పి, "ఏమంటారు?" అని గిట్టతో బండని తట్టేది. సభ్యులంతా ఒక్క గొంతుతో "ఆమోదం" అనేవాళ్లు. అంతే, తీర్మానం అయిపోయేది.

సభ నడవడానికి ఒక వరస ఉంది. ముందు తీర్మానాలు. తర్వాత భోజనాలు. ఆ తర్వాత జనం మనవులు. బండ పక్కనే ఇప్పపూల బుట్టలు, తేనెపట్లు, మాగిన వెలగపండ్లు పెట్టి ఉంచేవాళ్లు. ఆ వాసన సభ మొదలైన దగ్గరనుంచీ సభ్యుల ముక్కులకి తగులుతూనే ఉండేది. ఇంక తీర్మానాలు ఎంత తొందరగా అయ్యేవో మీరే ఊహించుకోండి. మనవుల వేళకి సభ్యులు అక్కడే ఉండేవాళ్లు, కాదనను. కడుపునిండా తిని కునుకు తీస్తూ ఉండేవాళ్లు.

ఆ పట్నంలో ఇంకో ఆనవాయితీ ఉంది. ఒకసారి ఆమోదమైన తీర్మానాన్ని మళ్లీ సభ ముందుకి తేవాలంటే, దానికి ఆమోదం చెప్పిన సభ్యుడే లేవాలి. అందరి ముందూ "నా మాట వెనక్కి తీసుకుంటున్నాను" అనాలి. ఎందుకో కూడా చెప్పాలి. అలా చెప్పినవాడు తర్వాతి సభలో అందరికంటే వెనక కూర్చోవాలి, బుట్టల దగ్గరికి రాకూడదు. పట్నం పుట్టినప్పటినుంచి ఒక్కరూ ఆ పని చెయ్యలేదు. పరువు సంగతి కదా మరి.

ఇలా ఉండగా పొదల వార్డునుంచి ముంగిస పోలయ్య కొత్తగా గెలిచాడు. ముంగిసకి పిట్టలు ఓటేస్తాయా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఒకరినొకరు తినకూడదన్నది ఆ పట్నంలో మొట్టమొదటి తీర్మానం. అది మాత్రం అందరూ చెవులు రిక్కించి విని మరీ ఆమోదించారు. అయినా అనుమానాలు ఎక్కడికి పోతాయి? ఓట్లప్పుడు పూరేడు పిట్ట గురివిని చుట్టాలంతా చీవాట్లు పెట్టారు.

"గుడ్లు తినే జాతివాడికి ఓటేస్తావా? నీకు మతి ఉందా?" అన్నారు.

గురివి నేలమీద గడ్డిలో గూడు కట్టుకునే చిన్న పిట్ట. గొంతు చిన్నదే కానీ మాట గట్టిది. "ఆయన రోజూ మా గడ్డి పక్కనుంచే పోతాడు. ఒక్కనాడు గూటివైపు తప్పుడు చూపు చూడలేదు. నా ఓటు ఆయనకే" అంది. అన్నట్టే వేసింది.

ఆ మాట పోలయ్య చెవిన పడింది. అతని మనసు నిండిపోయింది. గురివి దగ్గరికి వెళ్లి, "చెల్లీ, నీకు ఏ ఇబ్బంది వచ్చినా నేనున్నాను" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

పోలయ్య మొదటి సభ వచ్చింది. మీసాలు దువ్వుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి అంశం చెలమల్లో పూడిక తియ్యడం గురించి. పోలయ్య శ్రద్ధగా విని ఆమోదం అన్నాడు. రెండో అంశం దారిపక్క ముళ్లకంపల సంగతి. సగం విని ఆమోదం అన్నాడు. మూడో అంశం మొదలయ్యేసరికి పక్కనున్న కొండముచ్చు తిప్పయ్య అతని చెవిలో గుసగుసలాడాడు.

"ఆ ఎడమవైపు బుట్ట చూశావా? ఈసారి జుంటితేనె తెచ్చారు."

పోలయ్య చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. గిట్ట చప్పుడు వినబడింది. అందరితోపాటు తనూ "ఆమోదం" అన్నాడు.

భోజనాలయ్యాయి. సభ్యులు తలోచోటా ఒరిగారు. అప్పుడు గురివి ఎగురుకుంటూ బండ దగ్గరికి వచ్చింది. పాపం, పొద్దుటినుంచీ తన వంతు కోసం కాచుకుని ఉంది.

"అమ్మగారూ, రేపటినుంచి గుట్టనుంచి వాగుకి కొత్త బాట వేస్తారట. అది గుట్టకింద మా బోదగడ్డిలోంచే పోతుందట. నా గుడ్లు ఆ గడ్డిలోనే ఉన్నాయమ్మా. పిల్లలు బయటికి వచ్చేదాకా ఆగితే చాలు" అంది.

భూమమ్మ ఆవలించింది. "ముందే చెప్పాల్సిందమ్మా. ఇందాకే మూడో అంశంగా ఆమోదమైపోయింది. మీ వార్డు సభ్యుడు కూడా ఒప్పుకున్నాడు."

గురివి తల తిప్పి పోలయ్యని చూసింది. పోలయ్య మీసాలకి ఇంకా తేనె అంటుకునే ఉంది. అతనికి సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు.

కానీ తలదించుకుంటే గుడ్లు బతకవు కదా. తెల్లారితే పని మొదలవుతుంది. పోలయ్య లేచి ముందుగా గుట్ట వార్డు సభ్యుడు, బాటల పని చూసే ఎలుగుబంటి గంగప్ప దగ్గరికి పరుగెత్తాడు.

"గంగప్ప మామా, ఆ బాట కొన్నాళ్లు ఆపు. గడ్డిలో గురివి గుడ్లున్నాయి" అన్నాడు.

గంగప్ప చెడ్డవాడేమీ కాదు. అతని బాధ అతనిది. "మొన్ననే ఒక జింకపిల్ల వాగు దగ్గర రాళ్లమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. నీళ్లకి దిగిన ప్రతిసారీ పిల్లలకి గండంగా ఉంది. ఈ బాట కోసం ఎన్నాళ్లనుంచి మొత్తుకుంటున్నానో తెలుసా? అయినా పొద్దున ఆమోదం అన్నది నువ్వు కాదటయ్యా?"

"అది గడ్డిలోంచి పోతుందని ఎవరూ చెప్పలేదు మామా."

"చెప్పారు. నువ్వు బుట్టవైపు చూస్తున్నావు" అన్నాడు గంగప్ప.

పోలయ్య అక్కడినుంచి గురివి గూటికి వెళ్లాడు. పిట్ట గుడ్లమీద ముడుచుకుని కూర్చుని ఉంది.

"చెల్లీ, గుడ్లని ఒక్కొక్కటిగా నేను పట్టుకెళ్లి పక్క పొదలో పెడతాను. పంటిగాటు కూడా పడనివ్వను" అన్నాడు.

గురివి అడ్డంగా తల ఊపింది. "చోటు మారి చల్లారితే లోపలున్నవి బతకవు, అన్నా. ఆ సంగతి నీకు తెలీదా? ఇదే మాట ఇంకెవరైనా అంటే తిట్టి పంపేదాన్ని. నువ్వు అన్నావు కాబట్టి ఏడుపొస్తోంది" అంది.

పోలయ్య మెల్లగా వెనుదిరిగి భూమమ్మని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆవిడ బురదలో పడుకుని నెమరువేసుకుంటోంది.

"పెద్దమ్మా, మీరొక్క మాట చెబితే పని ఆగిపోతుంది" అన్నాడు.

"నేను చెబితే ఆగకూడదు నాయనా. ఇవాళ నీకోసం ఆపితే, రేపు గంగప్ప కోసం ఇంకేదో ఆపాలి. అప్పుడిక సభ ఎందుకు? సభ చేసినదాన్ని సభే మార్చాలి. దానికి దారి ఒకటుంది. అది నీకూ తెలుసు."

"అందరూ నవ్వుతారు పెద్దమ్మా."

"నవ్వుతారు" అంది భూమమ్మ. మళ్లీ నెమరువేసుకోవడం మొదలుపెట్టింది.

పోలయ్య అక్కడే నిలబడిపోయాడు. గెలిచి నెల కూడా కాలేదు. మొదటి సభలోనే ఇలాంటి మాట చెబితే మళ్లీ ఎవరు ఓటేస్తారు? ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. తప్పు అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. కానీ గురివి చూసిన చూపు అతన్ని వదల్లేదు. పోయిన పరువు మళ్లీ సంపాదించుకోవచ్చు, పగిలిన గుడ్డుని ఏం చేస్తాం అనుకున్నాడు.

"సభ పిలిపించండి పెద్దమ్మా" అన్నాడు.

పొద్దు వాలేవేళకి అందరూ విసుక్కుంటూ వచ్చారు. ఈసారి బుట్టలు లేవు. గురివి గూడు వదిలి రాలేదు. పోలయ్య బండ మధ్యకి నడిచి వెళ్లి నిలబడ్డాడు.

"పొద్దున మూడో అంశానికి నేను ఆమోదం అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకంటే, అసలు ఆ అంశం ఏమిటో నేను వినలేదు. నా ధ్యాసంతా తేనె మీద ఉంది. నన్ను నమ్మి ఓటేసిన పిట్ట గుడ్లమీదకి నేనే బాట తోలాను" అన్నాడు.

ఇంక నవ్వులే నవ్వులు. అందరికంటే గట్టిగా కొండముచ్చు తిప్పయ్య నవ్వాడు. గంగప్ప మాత్రం నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"గుడ్లు సరే. జింకపిల్లల కాళ్ల సంగతేమిటి? వాటికి ఎవరు జవాబు చెబుతారు?"

"బాట వద్దని నేననడం లేదు మామా. పిల్లలు ఎవరికైనా పిల్లలే. అటు జింకపిల్లా జారకూడదు, ఇటు గుడ్లూ పగలకూడదు. దానికి ఏం చెయ్యాలో పొద్దున మనం ఆలోచించాల్సింది. ఆలోచించకుండా ఆమోదం అనేశాం" అన్నాడు పోలయ్య.

భూమమ్మ గిట్టతో బండని తట్టింది. "నిజం చెప్పండి. పొద్దున మూడో అంశం ఎవరెవరు విన్నారు?"

నవ్వులు ఆగిపోయాయి. నెమలి తన ఈకలు సర్దుకుంది. దుప్పి ఆకాశం వైపు చూసింది. తిప్పయ్య వీపు గోక్కుని, గోక్కుని, చివరికి లేచాడు.

"నేను వినలేదు. వినేవాణ్ణి కూడా చెడగొట్టాను. నా మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు.

గంగప్ప గొంతు సవరించుకున్నాడు. "నేనూ ఒకటి చెప్పాలి. బాట ఎటు పోవాలో గుట్టమీద కూర్చునే తేల్చేశాను. కిందికి దిగి, గడ్డిలో ఎవరున్నారో చూడలేదు. నా మాటా వెనక్కే."

ఒకరి తర్వాత ఒకరు లేచారు. అందరూ అయ్యాక భూమమ్మ నిట్టూర్చింది. "మిమ్మల్ని అని ఏం లాభం. చెప్పడం నేనూ గబగబా చెప్పేశాను. నాకూ ఆకలేసింది" అంది.

మళ్లీ నవ్వులు లేచాయి. ఈ నవ్వులో ఎగతాళి లేదు. పోలయ్య కూడా నవ్వాడు.

అప్పుడు తవ్వకాలు చేసే ముసలి అడవిపంది నోరు తెరిచింది. "మాకు పని గుట్ట దగ్గర మొదలుపెట్టినా ఒకటే, వాగు దగ్గర మొదలుపెట్టినా ఒకటే. పిల్లలు జారేది వాగు దగ్గరే కదా. ముందు ఆ రాళ్లు తీసేస్తాం. గడ్డి దగ్గరికి వచ్చేసరికి గురివి పిల్లలు పరుగులు పెడుతుంటాయి."

"ఈ ముక్క పొద్దునే చెప్పి ఉండొచ్చు కదా" అన్నాడు గంగప్ప.

"పొద్దున నన్ను అడిగిందెవరు?" అంది పంది.

భూమమ్మ ఆ అంశాన్ని కొత్తగా, నెమ్మదిగా, మాట మాటకీ ఆగుతూ చెప్పింది. దానికి ఇంకొకటి కూడా కలిపింది. ఇకమీదట సభలో ముందు మనవులు, తర్వాత తీర్మానాలు, చిట్టచివర భోజనాలు. "ఏమంటారు?" అని అడిగింది. ఈసారి ఆమోదం ఒక్క గొంతుతో రాలేదు. ఒక్కొక్కరు ఆలోచించుకుని, ఒక్కొక్కరుగా చెప్పారు. కాస్త ఆలస్యమైంది, కానీ ఎవరూ విసుక్కోలేదు.

పోలయ్య చీకటి పడకముందే పరుగున వెళ్లి గురివికి ఆ సంగతి చెప్పాడు. గురివి విని కళ్లు మూసుకుంది. గుడ్లమీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

వాగు దగ్గర రాళ్లు కదిలాయి. కుంటుతున్న జింకపిల్ల కూడా భయం లేకుండా నీళ్లకి దిగింది. బాట పైకి, పైకి సాగింది. గడ్డి అంచుకి చేరిన రోజుకి గుడ్లన్నీ పిల్లలయ్యాయి, ఒక్కటి మాత్రం మిగిలింది. గంగప్ప తన పెద్ద పంజా అడ్డంపెట్టి, "ఆగండి, ఆ ఒక్కటీ కూడా రానివ్వండి" అన్నాడు. పందులన్నీ నీడలో కూలబడి ఎదురుచూశాయి. మధ్యాహ్నానికి చివరి పిల్ల కూడా పెంకు పగలగొట్టుకుని వచ్చింది.

మళ్లీ సభరోజు వచ్చింది. ఆనవాయితీ ప్రకారం పోలయ్య వెనక వరసకి వెళ్లాడు. అక్కడ తిప్పయ్య ముందే కూర్చుని ఉన్నాడు. గంగప్ప ఉన్నాడు. నెమలీ, దుప్పీ, అందరూ ఉన్నారు. ముందు వరస ఖాళీ. మాట వెనక్కి తీసుకున్నవాళ్లంతా వెనకే కూర్చోవాలి కదా. భూమమ్మ అటూ ఇటూ చూసి, "సరే, నేనే అటు వస్తాను" అని వాళ్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ముందు మనవులు" అంది.

గురివి వచ్చింది. దాని వెనక బొటనవేలంత పిల్లలు బిలబిలా పరుగెత్తుకుంటూ వచ్చాయి.

"నీ మనవి ఏమిటమ్మా?" అని అడిగింది భూమమ్మ.

"మనవేమీ లేదమ్మా. మా సభ్యుడికి పిల్లల్ని చూపిద్దామని తెచ్చాను" అంది గురివి.

పొదల చాటునుంచి చూస్తున్న గురివి చుట్టాలు ఊపిరి బిగబట్టారు. పిల్లలకి ఆ అనుమానాలేం తెలుసు? తిన్నగా వెళ్లి ముంగిస మెత్తటి తోకమీదికి ఎక్కాయి. కాసేపు తొక్కాయి, తోసుకున్నాయి, అక్కడే ఒకదాని పక్కన ఒకటి నిద్రపోయాయి.

ఆ రోజు సభ చాలాసేపు సాగింది. పోలయ్య తోక కదపకుండా కూర్చుని, మొదటి మాటనుంచి చివరి మాటదాకా విన్నాడు.

నీతి: సరే అనే ముందు ఆ మాట ఎవరి గూటి మీద పడుతుందో విని తెలుసుకోవాలి, వినకుండా అనేశామని తెలిస్తే, పదిమందిలో దాన్ని వెనక్కి తీసుకోవడానికి వెనకాడకూడదు.