పెద్ద రాయికి దొర పేరు

పైడయ్య పడవ నడిపే ఏటి మీద తెల్లవారుజామున పొగమంచు కమ్మేది. అప్పుడు పడవ మబ్బుల్లో తేలుతున్నట్టు ఉండేది. నీళ్ళలోంచి పైకి లేచిన రాళ్ళకు ఊరిని ఆదుకున్నవాళ్ళ పేర్లు ఉండేవి. వరదలో ఏడుగురిని ఒడ్డుకు లాగిన అచ్చమ్మ పేరు ఒకదానికి, కలరా వచ్చిన ఏడాది ఇల్లిల్లూ తిరిగి మందిచ్చిన లింగన్న పేరు ఇంకొకదానికి పెట్టుకున్నారు. రాయి దగ్గరపడగానే పైడయ్య ఆ పేరు పలికేవాడు. పడవలో అందరూ చేతులు జోడించేవారు.

కొత్తగా అధికారానికొచ్చిన రంగశాయి దొర ఈ సంగతి విన్నాడు.

"అన్నిటికంటే పెద్ద రాయికి నా పేరు పెట్టు. లేదంటే ఈ రేవు ఇంకొకడికి ఇచ్చేస్తాను" అన్నాడు.

"చిత్తం దొరా" అన్నాడు పైడయ్య.

మర్నాడు దొర స్వయంగా పడవెక్కాడు. అచ్చమ్మ, లింగన్న రాళ్ళు మంచులోంచి కలలో మనుషుల్లా వచ్చి వెళ్ళిపోయాయి. నడి ఏట్లో పైడయ్య గొంతెత్తి అరిచాడు.

"రంగశాయి దొర వస్తున్నాడు! పిల్లల్ని గట్టిగా పట్టుకోండి! తగిలితే పడవ ముక్కలే!"

జనం పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు.

"ఏమిట్రా ఆ కూతలు?" అన్నాడు దొర.

"ఆ పెద్ద రాయికి తగిలి ఎన్నో పడవలు పగిలాయి బాబూ. అరిచి చెప్పకపోతే ప్రాణాలు పోతాయి. పేరేమో తమరిదాయె."

దొర పిల్లల్ని హత్తుకున్న తల్లుల వైపు చూశాడు.

"ఆ పేరు తీసెయ్" అన్నాడు. "నా పేరు విని జనం దండం పెట్టాలంటే ఏం చెయ్యాలి?"

"అవతలి రేవుకు మెట్లు లేవు బాబూ. ముసలివాళ్ళు జారిపడుతున్నారు."

ఆ వేసవిలో దొర అక్కడ మెట్లు కట్టించాడు. పడవ ఒడ్డు చేరగానే పైడయ్య మెల్లగా "రంగశాయి దొర" అనేవాడు. జనం ఏ భయమూ లేకుండా దిగి, మెట్లెక్కి వెళ్ళేవారు.