ముమ్మిడమ్మ పట్టిన నిండుగౌరి నోము

ఒకనాడు వత్సలముని సుమేధముని ఆశ్రమమునకు వచ్చి, చెప్పిన పని తప్పక చేసినవారికి సైతము తీరని దుఃఖమేల కలుగును, దానిని బాపు నోమేది అని అడిగెను. అందుకు సుమేధుడు ఇట్లు చెప్పెను.

పూర్వము ఏటిపాడు అను పట్టణమున అయ్యలార్యుడను వైద్యుని మందులసాలలో, భర్త లేని ముమ్మిడమ్మ వేళ్లు దంచుచు, కషాయములు కాచుచు, పిన్నక్క అను ఏడేండ్ల కూతురిని పెంచుకొనుచుండెను. చెప్పిన పని వంక లేకుండ చేసెడిది. చెప్పని పని ముట్టెడిది కాదు.

ఒక జ్యేష్ఠమున జ్వరమునకు వాడు నేలవేము కుండలో అడుగంటుట ఆమె చూచెను. వాగు పొంగిన పిదప అది దొరకు కొండకు దారి ఉండదనియు ఎరుగును. అయినను, తెప్పించుట భండారి మారయ పని, నాకేల అని మూత పెట్టెను.

ఆషాఢమున ఊరంతట విషజ్వరము పుట్టెను. మూడు దినములకే నేలవేము నిండుకొనెను. నాలుగవనాడు పిన్నక్క ఒళ్లు కాలిపోయెను.

వైద్యుడు కుండలో చేయి పెట్టి చూచి, "ఇది నిండుకుంటుందని నీకెప్పుడు తెలిసిందమ్మా?" అని అడిగెను.

"నెల్లాళ్లయిందయ్యా. నన్నెవరూ అడగలేదు."

మరునాటి సాయంకాలమునకు బిడ్డ తల్లి ఒడిలోనే కన్నుమూసెను.

ముమ్మిడమ్మ అన్నము మాని వాగొడ్డున కూర్చుండెను. గౌరీదేవి ముదుసలి రూపమున రాగా, దేవియని ఎరిగి కాళ్లపై పడి బిడ్డను ఇమ్మని వేడుకొనెను.

"పోయిన బిడ్డను తేలేను తల్లీ. పోకుండా ఆపాల్సిన బిడ్డలు ఊళ్లో ఇంకా ఉన్నారు" అని దేవి పలికి, పదునారు శుక్రవారముల నిండుగౌరి నోము చెప్పెను. పనిచోట కనబడిన లోటును ఎవరును చెప్పకముందే పెద్దలకు ఎరిగించి, తానే పూనుకొని తీర్చవలెను. ఆ పిదపనే పసుపుగౌరికి పూవు పెట్టవలెను.

ఐదవ శుక్రవారమున ఆమె మందులసాల కప్పు కారుచున్నదని చెప్పగా, నీ పని నువ్వు చూసుకొమ్మని మారయ కసరెను. ఆమె నొచ్చుకొని ఊరకుండెను. ఆ వారపు వానకు ఎండుమూలికలన్నియు బూజుపట్టెను. తన మౌనము మరల చేటు తెచ్చెనని ఏడ్చి, అయ్యలార్యునికి చెప్పి తానే నిచ్చెన ఎక్కి తాటాకు కప్పెను. నోము మొదటినుండి పట్టి పదునారు వారములు నోచెను.

మరుజ్యేష్ఠమున ఎవరును పంపకనే, వైద్యుని సెలవు అడిగి కొండకు పోయి నేలవేము మోసుకొని వచ్చెను.

"జబ్బులేవీ లేవు గదా, ఇంత ఎందుకు?" అని మారయ అనెను.

"వచ్చాక కొండెక్కలేం గదయ్యా."

జ్వరము మరల వచ్చెను. తల్లులు బిడ్డలనెత్తుకొని వాకిట బారులు తీరిరి. ముమ్మిడమ్మ ఒక్కొక్క బిడ్డ తల పట్టి కషాయము పోసెను. ఆ ఏడు ఊరిలో ఒక్క బిడ్డయు పోలేదు. వైద్యుడు మందులసాల తాళములు ఆమెకే అప్పగించెను. ఇంట గాదె నిండెను. అయినను, ఏడేండ్ల పిల్ల ఎవతె వచ్చినను, కషాయము పోయు ఆమె చేయి ఒక్క క్షణము ఆగెడిది.

కావున ముత్తైదువలు గాని, భర్త లేనివారు గాని, కొలువు చేయు పురుషులు గాని ఈ నోము నోచవచ్చును. నోచినవారి చేతి పని చెడదు, పదిమందిలో మాట నిలుచును, పరుల బిడ్డలు చల్లగా ఉందురు. జరిగినది మరలదు, జరుగబోవునది తప్పును. కథ విన్నవారు గౌరికి మ్రొక్కి, రేపటి తమ పనిచోట ఏది నిండుకొనుచున్నదో తలచుకొని లేవవలెను.