వరుసలో మొదటి పాప

హకీం సాబ్ దగ్గర మూడేళ్లుగా మందులు నూరుతున్నాను. నా చేత్తో ఎవరికీ ఒక్క చుక్క ఇవ్వనివ్వలేదాయన. అదీ నా కడుపుమంట.

అడిగితే "ఇంకా కాదు జేబూ" అనేవారు.

బడికి పోకపోయినా దొరికిన వైద్యం పుస్తకమల్లా చదివినదాన్ని. లవంగ నూనె, పుదీనా నూనె, వాము నూనె పళ్లు పుచ్చకుండా ఎట్లా కాపాడతాయో ఆయనకంటే బాగా చెప్పగలనని నా పొగరు.

మా వీధి చివర అనాథ పిల్లల వసతి ఉంది. నలభై మంది. వాళ్లు పుక్కిలించే మందు సాబ్ చేసేవారు. తుమ్మజిగురులో ఆ నూనెలు చుక్కచుక్కగా వేస్తూ గంటసేపు నూరి, పాలలా తెల్లబడ్డాకే బిందెడు నీళ్లలో కలిపేవారు. ఆ గంట ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే తెలియదని ఒప్పుకోవాలి కదా.

ఒకరోజు ఆయన పక్కూరికి పోతూ, "నూరిపెట్టు, నేనొచ్చి పోస్తా" అన్నారు.

నేను నూరలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను. నూనెలు రెట్టింపు తీసుకుని, వసతి వాకిట్లో నేరుగా బిందెడు నీళ్లలో వంపి, పిల్లల్ని నేనే పిలిచాను.

వసతిలో వరుసంటే పొట్టివాళ్లు ముందు. అందరికంటే ముందు ఆరేళ్ల మహబూబీ. పైన తేలుతున్న నూనెంతా నా మొదటి గరిటెలోకే వచ్చింది. పాప కెవ్వుమని ఉమ్మేసింది.

"ఘాటుంటేనే మందు. ఏడవకుండా పో" అన్నాను.

చివర్లో పొడుగు మస్తాన్ పుక్కిలించి నవ్వాడు. "అక్కా, ఇవి ఉత్త నీళ్లే!"

"నీకు నాలుకుంటే కదరా!"

సాయంత్రానికి పాప నాలుక, పెదవులు బొబ్బలెక్కాయి. ఆసుపత్రిలో చూపించి తెచ్చి వసతి లోపల పడుకోబెట్టారు. గుటకెడు నీళ్లు కూడా మింగలేకపోతోంది.

సాబ్ వచ్చారు. సంగతి విన్నారు. తిట్టలేదు.

"పొద్దున ఎట్లా కలిపితివో అట్లే కలుపు."

కలిపాను. ఆయన వచ్చి, పాప నిలబడ్డ చోట పాపంత ఎత్తున మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచారు.

నేను గరిటెతో బిందెలో తిప్పబోయాను.

"పొద్దున తిప్పినావా?"

"లేదు సాబ్."

"అట్లయితే అట్లే పొయ్యి."

"కాలుతుంది సాబ్!"

"ముసలోనికైతే కాలుతుందని తెలుస్తుందే నీకు."

పోశాను.

పుక్కిలించేటప్పుడు మనసులో నూరుదాకా లెక్కపెట్టమని పిల్లలకు ఆయన నేర్పిందే. నూరయ్యేదాకా ఆయన ఉమ్మలేదు. కళ్లనీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. నేనూ ఒక్కొక్క అంకె లెక్కపెడుతూ నిలబడ్డాను.

ఆయన ఉమ్మేశాక నేను గరిటె కింద పడేశాను. "నాకీ పని వద్దు సాబ్. ఇంక ఈ చేత్తో మందు ముట్టను."

ఆయన నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది.

"పోసేటప్పుడు నన్ను అడగలేదు. మానేదానికి నన్నెందుకు అడుగుతావు? లోపల పండుకుందే, ఆ చిట్టితల్లిని అడుగు."

లోపలికి పోయాను.

నన్ను చూసి మహబూబీ రెండు చేతులతో నోరు మూసుకుంది.