షిగె అవ్వ గడ్డికోటు

అనగా అనగా, మన ఎండ ముఖం ఎరగని ఒక ఊరు. జపాను దేశంలో, ఉత్తరపు సముద్రం ఒడ్డున ఉందది. ఎన్నాళ్ళ కిందటి మాటంటే నాకూ తెలీదు, నాకు చెప్పినవాడికీ తెలీదు. చలేస్తే దుప్పట్లో దూరండి గానీ చెవులు మాత్రం బయట పెట్టండి.

ఆ ఊళ్ళో మూడింటికి పేరు. కొండవైపు వాళ్ళు చేసే లక్కగిన్నెలకు పేరు. రేవులో దిగే పీతలకు పేరు. ఆ రెండింటికీ నడుమ ఉన్న దొరగారి తోటకు పేరు.

తోట నిండా దేవదారు చెట్లు. వాటికి శత్రువు మంచు. అక్కడి మంచు తడిమంచు, కొమ్మ మీద కూచుందంటే విరిగేదాకా లేవదు. అందుకని చలి ముదరక ముందే ప్రతి చెట్టుకూ ఒక పొడుగాటి గుంజ పాతి, దాని కొసనుంచి వరిగడ్డి తాళ్ళు దించి, ఒక్కో కొమ్మనూ పైకి లాగి కడతారు. గుంజ మీదివాడు తాడు వదిలి "పట్టుకున్నావా?" అని కేకేస్తాడు. కిందినుంచి "పట్టుకున్నా!" అని వినపడితేనే ముడి వేస్తాడు.

ఆ తాళ్ళు పేనేదీ, కింద నిలబడి పట్టుకునేదీ షిగె అవ్వ. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. ముప్పై ఏళ్ళుగా అదే పని. పెద్ద తోటమాలి గెంజొ "అవ్వా, తాడుందా?" అంటే "ఉంది బాబూ" అనడమే తప్ప, లేదన్న పాపాన పోలేదు. ఆమెకున్న ఆస్తల్లా ఆ మాటే.

ఆ యేడు కోతలప్పుడు వాన పట్టుకుంది. గడ్డి కుళ్ళిపోయింది. సరిగ్గా ఆ యేడే దొరగారి తల్లి, పెద్ద దొరసాని, వస్తున్నానని కబురు పెట్టింది. కొత్త కోడలిగా చెరువు గట్టున తాను నాటిన దేవదారు కింద కూచోవాలట. లక్కగిన్నెలో పీతల పులుసు తాగాలట. కళ్ళు మూసేలోగా ఇదే ఆఖరి రాక అంది. ఊరంతా హడావిడి పడింది.

ఆ చెట్టుకు ఉన్న తాళ్ళన్నీ కట్టారు. చెరువు మీదికి వాలిన పెద్దకొమ్మకు మూడు తక్కువయ్యాయి.

"అవ్వా, ఇంకో మూడు తాళ్ళున్నాయా?" అన్నాడు గెంజొ గుంజ మీదనుంచి.

ఇంట్లో గడ్డిపోచ లేదు. అయినా ముప్పై ఏళ్ళ అలవాటు నోరు దాటేసింది.

"ఉన్నాయి బాబూ."

ఇంటికి పోయి నాలుగు గోడలూ చూసింది. మేకుకు ఆమె గడ్డికోటు వేలాడుతోంది. వానకూ మంచుకూ ఏడేళ్ళుగా కప్పుకున్న కోటు. పోచపోచా విప్పేసింది. నీళ్ళు చల్లి, నలగ్గొట్టి, మూడు తాళ్ళు పేనింది. పైకి కొత్తవాటిలాగే ఉన్నాయి. లోపల పాత గడ్డి పుటపుటమంటోంది. ఈ ఒక్కసారికి ఆగుతాయిలే అనుకుంది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా!" అంది అవ్వ. ఆ మాట అంటుంటే ఆమె గొంతు మొదటిసారి వణికింది.

మర్నాడే మంచు మొదలైంది. అవ్వకు ముద్ద దిగలేదు. కొమ్మ విరిగితే? దొరసాని కింద ఉండగా విరిగితే? గెంజొ తల ఉంటుందా? చెప్పేద్దామని కోటు లేకుండానే మంచులో తోటకు పోయింది. గెంజొ దారి ఊడుస్తున్నాడు.

"ఏంటవ్వా?"

"ఏం లేదు బాబూ" అని వెనక్కొచ్చేసింది.

రెండోనాడు సముద్రం మీదనుంచి గాలి తిరిగింది. మంచు తడెక్కింది. అవ్వ మళ్ళీ పోయింది. గెంజొ రెండు చేతుల్లో కొత్త లక్కగిన్నెలు, వెనకాల పీతల గంపలు.

"బాబూ, ఆ తాళ్ళు..."

"నీ తాళ్ళకేం అవ్వా, రాళ్ళలాంటివి! రేపు మాట్లాడదాం" అంటూ పరిగెత్తాడు. ఆ మెచ్చుకోలు అవ్వకు చెంపదెబ్బలా తగిలింది.

మూడోనాడు దొరసాని రానే వచ్చింది. దేవదారు కింద, గట్టు మీద ఆ పెద్దకొమ్మ నీడలోనే పీట వేశారు. పులుసు పొగలు కక్కుతోంది. కంచెవతల పనివాళ్ళతో నిలబడి అవ్వ కొమ్మనే చూస్తోంది.

టప్పుమంది. ఒక తాడు తెగింది. చెరువులో మంచుపెళ్ళ విరిగిందనుకున్నారందరూ. తాడు చప్పుడు అవ్వకు తెలీదా?

పనివాళ్ళు దొరసాని కంటపడకూడదు. అది అక్కడి కట్టుబాటు. అవ్వ కట్టుబాటు చూసుకోలేదు, కంచె చూసుకోలేదు.

"లేవండి అమ్మగారూ! కొమ్మ పడుతోంది! తాళ్ళు చెడ్డవి, పేనింది నేనే!"

టప్పుమంది. రెండోది తెగింది. ముసలి దొరసాని లేవబోయి తడబడింది. అవ్వ వెళ్ళి కొమ్మ కింద భుజం పెట్టింది. మూడోదీ తెగింది. కొమ్మ బరువంతా అవ్వ మీద కూచుంది. గెంజొ పరిగెత్తుకొచ్చి దొరసానిని ఎత్తి అవతల పెట్టి, గుంజకోసం పరిగెత్తుతూ అరిచాడు.

"అవ్వా, పట్టుకున్నావా?"

"పట్టుకున్నా!"

ఈసారి గొంతు వణకలేదు. గుంజ తెచ్చి కొమ్మ కింద ఆనించేదాకా అవ్వ మోకాలు వంచలేదు. ఆనించాక మంచులో కూలబడింది.

దొరసాని దగ్గరికొచ్చింది. "ఇంత మంచులో ఒంటిమీద గడ్డికోటు లేదేమే?"

అవ్వ తెగి వేలాడుతున్న తాళ్ళకేసి వేలు చూపించింది. "అదుగో అమ్మగారూ, పైన ఉంది."

"గడ్డి లేదని చెప్పొచ్చు కదే!"

"ముప్పై ఏళ్ళు ఉందన్న నోరమ్మా. లేదనడం రాలేదు."

గెంజొ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. చెప్పబోతే రెండోనాడు తానే వినలేదు మరి. దొరసాని తన పట్టుశాలువ తీసి అవ్వకు కప్పింది. కానీ మూడు రోజుల మంచు అప్పటికే ఎముకల్లోకి దిగిపోయింది. తోటలో మొదటి పువ్వు విచ్చకముందే షిగె అవ్వ పోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో తాళ్ళు కట్టే రోజున ఇంటికో పిడికెడు కొత్తగడ్డి తెస్తారు. ఆ గడ్డితో ముందు తాడు పేనరు. కోటు అల్లుతారు. దాన్ని పెద్దకొమ్మ కింది గుంజకు తొడుగుతారు. అప్పుడు పైవాడు "షిగె అవ్వా, పట్టుకున్నావా?" అని కేకేస్తాడు. కింద ఊరంతా "పట్టుకున్నా!" అంటుంది. ఆ తర్వాతే మొదటి ముడి.

పీతలు తినడానికీ, గిన్నెలు కొనడానికీ వచ్చే పొరుగూళ్ళవాళ్ళు తోట చూడబోయి నవ్వుతారట, "ఏమయ్యా, గుంజకు కూడా చలేస్తుందా?" అని.

"గుంజకు కాదండీ, అవ్వకి" అంటారట ఆ ఊరివాళ్ళు, కోటు మీది మంచు దులుపుతూ.